లంకా గూఢప్రవేశము - ధర్మసూక్ష్మము

సుందరకాండము భక్తుల గృహములలో నిత్యపారాయణ గ్రంథము. 68 సర్గల ఆ కాండమును చదువునపుడు శ్రద్ధాళువులకు సైతము ఒక సందేహము పొడముట కలదు. శ్రీరామచంద్రుడు సత్యసంధుడు. ఆయన దూత దేవగంధర్వాదులు చూచుచుండగా 100 యోజనముల సముద్రమును లంఘించినాడు. అట్టి మహావీరుడు ఆవలి తీరమును చేరిన పిమ్మట ప్రొద్దు గ్రుంకువరకు వేచియుండి, పిల్లియంత దేహమును దాల్చి, ద్వారమును విడిచి ప్రాకారము దాటి పరుల పురమున ప్రవేశించుట ధర్మమేనా? అది కపటము కాదా?

నీతిశాస్త్ర మీ ప్రశ్నకు వెంటనే సమాధాన మిచ్చును. గాలి సైతము ఎవరికిని తెలియకుండ సంచరింపజాలని పురమది. అవివేకియైన దూత వలన సిద్ధింపనున్న స్వామికార్యమును చెడిపోవునని మారుతి ముందుగనే విచారించుకొనెను. నగరరక్షకురాలు అడ్డగింపగా, స్త్రీ యను తలంపుతో కోపమును నిగ్రహించుకొని ఎడమచేతి పిడికిటితోనే కొట్టెను. శత్రుపురమున ఎడమకాలు ముందు మోపెను. మహాభారత సభాపర్వమున శ్రీకృష్ణుడును భీమార్జునులతో గూడి స్నాతకవేషమున గిరివ్రజపురమును ద్వారము కాని చోటనే ప్రవేశించెను. మిత్రుని యింటికి ద్వారమున, శత్రుని యింటికి అద్వారమున పోవలెనని జరాసంధుని యెదుటనే పలికెను.

అయినను, నీతి యనినంత మాత్రమున ధర్మసందేహము తీరదు. రావణుడును పరివ్రాజక వేషమునే కదా పంచవటికి వచ్చినది! రూపము మార్చుటయే దోషమైనచో ఇరువురును దోషులే. కార్యము నెరవేరుటయే ప్రమాణమైనచో ఇరువురును నిర్దోషులే. మరి భేదమెచ్చట నున్నది?

దాచుట వేరు, వంచించుట వేరు. రావణుడు సన్న్యాసివేషమును ధరించి ఆ వేషమునకు చెల్లు గౌరవమును స్వీకరించెను. సీతాదేవి ఆసనమిచ్చి, పాద్యమిచ్చి, అతిథిగా ఆదరించెను. ఆ సాధ్వి విశ్వాసమునే అతడు ఆయుధముగ చేసికొనెను. హనుమంతుని చిన్నరూపము ఎవరి విశ్వాసమును యాచింపలేదు. ఎవరి ఆతిథ్యమును కొనలేదు. గిరివ్రజమున శ్రీకృష్ణుడు సైతము జరాసంధుని పూజను స్వీకరింపక, తాము శత్రువులమని స్పష్టముగ తెలిపెను. కావున పరుల నమ్మకమును అపహరించునది కపటము, అపహరింపనిది గోపనము.

గోపనమునందును ప్రమాదము లేకపోలేదు. చూచువారు లేని చోట మనస్సు జారుట సులభము. రావణాంతఃపురమున మందోదరిని చూచి సీతయని క్షణకాలము సంతోషించిన హనుమంతుడు, వెంటనే ఆ తలపును త్రోసివేసెను. పిదప నిద్రించుచున్న పరస్త్రీలను చూచుట పాపమేమో యని తన్ను తానే విచారించుకొనెను. ఇంద్రియముల ప్రవృత్తికి మనస్సే కారణమనియు, తన మనస్సు చలింపలేదనియు, స్త్రీని స్త్రీల నడుమనే వెదకవలెననియు నిశ్చయించుకొనెను. ప్రశ్నించు వారెవరును లేని చోట తానే ప్రశ్నించుకొనువాడే రహస్యకార్యమునకు అర్హుడు.

కపటము వలన కలుగు నష్టము అంతటితో తీరదు. శింశుపావృక్షమునుండి దిగి సమీపించిన మారుతిని చూచి జానకి, ఇతడును వేషము మార్చిన రావణుడే యని భయపడెను. ఒక కపటి సాధువేషమును ధరించినచో, తరువాత వచ్చు నిజమైన సాధువు సైతము అనుమానింపబడును. హనుమంతు డందులకు కినియలేదు. శ్రీరాముని అవయవలక్షణములను ఓర్పుతో వర్ణించి, అంగుళీయకమును సమర్పించి, ఆ తల్లి విశ్వాసమును తిరిగి నిలిపెను. ఒకడు చెరచిన నమ్మకమును వేరొకడు సత్యముతో కట్టవలసి వచ్చినది.

తన వీపుపై కూర్చుండుమని మారుతి ప్రార్థింపగా అమ్మవారు అంగీకరింపలేదు. తాను సముద్రమున పడుదునేమో యనియు, బుద్ధిపూర్వకముగ పరపురుషుని తాకననియు చెప్పి, శ్రీరాముడే వచ్చి రావణుని జయించి తన్ను గొనిపోవుట ఆయనకు తగినదని పలికెను. ఇదియే గూఢకార్యమునకు హద్దు. వెదకుటకును, ఓదార్చుటకును రహస్యము చెల్లును. దొంగతనముగ తేబడిన ధర్మపత్నిని దొంగతనముగ తిరిగి కొనిపోరాదు. ఆ హద్దు నెరిగిన హనుమంతుడు చూడామణిని గైకొని వెడలెను. పిదప వనమును భంగపరచి, బద్ధుడై రాజసభలో నిలిచినపుడు, తాను వానరుడననియు రామదూతననియు దాపరికము లేక చెప్పెను. రాత్రి దాగినవాడు పగలు దాగలేదు.

గృహస్థులకును ఈ వివేకము నిత్యము అవసరము. బీదబంధువునకు ఇతరు లెరుగకుండ సాయపడుట గోపనము. సరకులోని లోపమును దాచి యమ్ముట వంచన. ఏదేని దాచునపుడు, ఇందువలన ఎవరి నమ్మకమైన చెడుచున్నదా, అడుగదగినవారు అడిగిన నిజము చెప్పగలనా యని మనస్సును పరీక్షించుకొనవలెను.

శ్రీవైష్ణవ పూర్వాచార్యులు సీతాదేవిని బద్ధజీవునిగను, లంకను దేహముగను, హనుమంతుని ఆచార్యునిగను భావించిరి. ఆచార్యుడును సడిలేకయే వచ్చును. తానే రక్షకుడనని చెప్పుకొనడు. స్వామి గురుతును చూపి జీవుని ఊరడించి, జీవుని ఆర్తిని స్వామికి విన్నవించును. చెర విడిపించువాడు శ్రీరాముడొక్కడే. ఆయన కరుణయే సర్వులకు శరణ్యము.