బెల్ట్ కీచుమంటే నీళ్లు చల్లితే చాలా?

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పానికి బయల్దేరామనుకోండి. స్టార్ట్ చేయగానే ఫ్యాన్ బెల్ట్ కీచుమంటుంది. నీళ్లు చల్లితే కాసేపు ఆగుతుంది, పోతూ ఉంటాం. కానీ వదులు బెల్ట్‌తో ఆల్టర్నేటర్ సరిగ్గా తిరగదు, బ్యాటరీ చార్జ్ కాదు. పోనీ అని మరీ బిగిస్తే బేరింగులు పోతాయి.

గీత 6వ అధ్యాయంలో కృష్ణయ్య అర్జునుడికి చెప్పిందీ ఇదే కదండీ: అతిగా తిన్నా, అసలు తినకపోయినా, అతిగా నిద్రపోయినా, అసలు పడుకోకపోయినా యోగం కుదరదని.

మనసు కీచుమంటే మనం రీల్స్ చల్లుతాం. నిజం చెప్పాలంటే, ఒక్కోసారి భజన పాట కూడా అందుకే పెడతాం, లోపలి శబ్దం వినపడకుండా! లేదంటే సోమవారం నుంచి నాలుగింటికే లేస్తా, ఒంటిపూటే తింటా అని బిగిస్తాం. గురువారానికి తెగుతుంది.

ఈ రాత్రి గంట ముందు పడుకోండి, పొద్దున పది నిమిషాలు జపానికి కూర్చోండి. బెల్ట్ మాత్రం మెకానిక్‌కే చూపించండి.