రెండవ ఇల్లు - మొదటి నైవేద్యము

గోడలచేతనే ఇల్లు గృహము కాదు. ఉదయమున వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టువారును, సంధ్యవేళ దీపము వెలిగించువారును, వేళ తప్పి వచ్చిన అతిథికి పట్టెడన్నము పెట్టువారును ఉన్నప్పుడే కట్టడము గృహమగుచున్నది. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములన్నియు ఇంటిలో మనుష్యుడున్నాడన్న భావముపైననే ఆధారపడి యున్నవి. అట్లయినచో, తాను నివసింపని ఇంటికి మనుష్యుడు యజమాని కాగలడా? తన ఊరు కాని ఊరిలో, తన దేశము కాని దేశములో రెండవ ఇల్లు సంపాదించుకొనుట ధర్మమేనా? ఒకప్పుడు రాజులకును మహాధనికులకును మాత్రమే కలిగిన ఈ ప్రశ్న నేడు సామాన్య గృహస్థుల వాకిటికి వచ్చి నిలిచినది.

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు, భీమగల్లు, సిరికొండ ప్రాంతములు పసుపు పంటకు పేరెన్నిక గన్నవి. వర్షారంభమున నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో నుండవలెను. తరువాత త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన గాని కొమ్ము నిజామాబాదు మార్కెట్టుకు చేరదు. 2025వ సంవత్సరము జనవరి 14వ తేదీన జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమగుట ఈ పంటకు గల ప్రాధాన్యమునకు నిదర్శనము. ఇంత దీర్ఘకాలము రైతు దగ్గర నుండి కనిపెట్టుకొనవలసిన పంట పండు సీమనుండియే వేలాదిమంది తమ ఊళ్లను విడిచి వెళ్లుట విచిత్రము. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట గల్ఫు దేశములలో నిర్మాణపు పనులు విస్తరించినవి. నాటినుండి నిజామాబాదు, కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల యువకులు దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ అరేబియాలకు పోవుచునే యున్నారు.

సిరికొండ ప్రాంతమునుండి అట్లు వెళ్లిన ఒక గృహస్థుని ఊహింపుడు. అతడు వీసాకై అప్పు చేసెను. తొలి సంపాదనతో ఆ అప్పు తీర్చెను. తరువాత చెల్లెలి పెండ్లి చేసెను. పిమ్మట పెంకుటింటి స్థానమున మేడ కట్టెను. ఆ మేడలో అతడుండునది రెండేండ్లకొక పర్యాయము, నెలయో రెండు నెలలో. మిగిలిన కాలమంతయు ఎడారి నగరపు శివారులోని కూలీల క్యాంపులో, ఒక గదిలో పలువురతో కలిసి, ఒక మంచముపై గడుచును. ఏండ్ల తరబడి నిద్రించిన చోటు అతనిది కాదు. అతనిదైన చోట అతడు నిద్రింపడు. ఈ రెండింటిలో ఏది మొదటి ఇల్లు, ఏది రెండవ ఇల్లు?

రాజ్యముల చట్టములు ఈ ప్రశ్నకు పూర్తిగా సమాధానము చెప్పజాలవు. గల్ఫు దేశములలో కూలివాని నివాసానుమతి అతని కొలువుతో ముడివడి యుండును; కొలువు పోయిన నాడు నివాసమును పోవును. దుబాయిలో 2006 నాటి చట్టము నిర్దేశిత ప్రాంతములలో విదేశీయులు ఇండ్లు కొనుటకు వీలు కల్పించినది. కాని ఆ మేడలను కట్టు కూలివానికి అవి అందని మ్రానిపండ్లే. మన దేశమునందును, 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టమును, దాని ననుసరించిన నియమములును ప్రవాస భారతీయునకు ఇల్లు కొనుటకు అనుమతి నిచ్చినవే కాని వ్యవసాయభూమి కొనుటకు సాధారణముగా అనుమతి నీయలేదు. తండ్రి పొలము వారసత్వముగా రావచ్చును. ఆ గట్టు ప్రక్కనున్న పొలమును మాత్రము కొనరాదు. అనగా దూరదేశమున స్థిరపడిన వాడు తాను పుట్టిన ఊరిలోనే సగము పరదేశి యగుచున్నాడు.

పరదేశమునందు మరియొక రీతి కలదు. ఫ్రాన్సు దేశపు పల్లెలలో ఇతర దేశముల సంపన్నులు పాత రాతి యిండ్లను కొని, సెలవుదినములలో వచ్చి యుందురు. ఆ దేశము విదేశీయుడు ఇల్లు కొనుటకు అడ్డు చెప్పదు. కాని ఇల్లు కొన్నంతమాత్రమున అక్కడ నివసించు హక్కు రాదు. ఐరోపా సమాఖ్యకు చెందనివారు దీర్ఘకాలపు అనుమతి లేనిచో ప్రతి 180 దినములలో 90 దినములకు మించి ఉండరాదు. ఆ దేశపు ఇండ్లలో సుమారు పదింట ఒకటి ఇట్టి రెండవ ఇల్లే. నివాసగృహముపై వేయు పన్నును 2023 నుండి ఆ ప్రభుత్వము ప్రధాన నివాసములకు పూర్తిగా తొలగించెను. రెండవ ఇండ్లకు మాత్రము తొలగింపలేదు. ఇండ్ల కరవు గల ప్రాంతములలో స్థానిక పాలకమండలి ఆ పన్నుపై 5 మొదలు 60 శాతము వరకు అదనముగా విధింపవచ్చును. ఏడాదిలో అధికభాగము తలుపులు మూసియుండు ఇండ్లు పెరిగిన కొలది, ఊరి యువకులకు ఇల్లు దొరకదు, అంగడికి బేరముండదు, బడికి పిల్లలుండరు. కనుక నివసించు వానికంటె నివసింపని వాడు ఊరికి ఎక్కువ ఋణపడి యున్నాడని ఆ చట్టపు అంతరార్థము. పన్నుల మాట అటుంచినను, ఈ భావము ఆలోచింపదగినది.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. “చెమటోడ్చి సంపాదించిన ధనముతో కట్టుకొన్న ఇంటియందు దోషమేమి? ఫ్రాన్సులో విలాసమునకై కొన్న ఇంటిని, గల్ఫు కూలివాడు తల్లి తలదాచుకొనుటకై కట్టిన ఇంటిని ఒకే త్రాసులో తూచవచ్చునా?” ఈ ఆక్షేపణ న్యాయమైనదే. వృద్ధులైన తల్లిదండ్రులకు వాననీరు కారని కప్పు నిచ్చుట పుత్రధర్మము. ఇల్లు కట్టుటయందు దోషము లేదు. దోషము మరియొక చోట ప్రవేశించును.

పెంకుటిల్లు పోయి ఒక అంతస్తు లేచినది. ప్రక్కింటివారు రెండు అంతస్తులు వేసిరి. మన గృహస్థుడును రెండవ అంతస్తు వేయదలచెను. అందుకు మరి రెండేండ్ల కొలువు కావలెను. పాలరాయి పరుచుటకు ఇంకొక రెండేండ్లు. ప్రహరీకి, ద్వారమునకు ఇంకొక రెండేండ్లు. ఈలోపల పిల్లలు తండ్రిని ఫోనులోని మాటగానే ఎరిగి పెరిగిరి. భార్య పసుపు త్రవ్వకము, ఉడకబెట్టుట, కూలీల లెక్కలు ఒంటరిగా మోసినది. తల్లి ఆ పెద్ద ఇంటికి కావలిమనిషిగా మిగిలినది. కలిసి యుండుటకై కట్టిన ఇల్లే విడివడి యుండుటకు కారణమయ్యెను. “ఈ ఇల్లు నాది” అని అతడనుకొనుచున్నాడు. నిజమునకు అతడే ఆ ఇంటివాడయ్యెను. మమకారమనగా పెద్దలు చెప్పిన బంధమిదియే. వస్తువు మన చేతిలో నున్నదని భ్రమపడునంతలో మనమే వస్తువు చేతిలో చిక్కుదుము.

దీనినుండి బయటపడు మార్గమును మన ఇతిహాస పురాణములు రెండు పరదేశి గృహముల కథలలో చూపినవి.

మొదటిది పంచవటి. అయోధ్యను విడిచిన రాముడు అగస్త్యమహర్షి సూచించిన గోదావరీతీరమునకు వచ్చి, అనువైన చోటు చూడుమని లక్ష్మణుని ఆజ్ఞాపించెను. తాను పరతంత్రుడననియు, చోటును రామచంద్రుడే నిర్ణయింపవలెననియు లక్ష్మణుడు చేతులు జోడించి విన్నవించెను. చోటు తెలిసిన పిమ్మట తన చేతులతో పర్ణశాలను నిర్మించి, గోదావరిలో స్నానమాడి, పూలు తెచ్చి, యథావిధిగా శాంతి జరిపి రామునకు చూపెను. కట్టినవాడు లక్ష్మణుడు, కాని “నాది” యన్న మాట అతని నోట రాలేదు. ఆ తరువాత రావణుడు సీతను అపహరించిన నాడు, తిరిగి వచ్చిన రామునకు పర్ణశాల కనబడెను, సీత కనబడలేదు. కుటీరము నిలిచియే యున్నది, గృహము లేదు. రాముడు విలపించినది సీతకొరకే కాని పర్ణశాలకొరకు కాదు. ఆ గోదావరియే నేటికిని నిజామాబాదు జిల్లా ఉత్తరపు సరిహద్దునొరసి ప్రవహించుచున్నది.

రెండవది ఏడుకొండలవానిదే. శ్రీవైకుంఠమును విడిచి శ్రీనివాసుడు భూలోకమునకు వచ్చునాటికి వేంకటాద్రి వరాహస్వామి క్షేత్రము. సర్వలోకములకు స్వామియైన వాడు అచట పరదేశివలె నిలిచి, తనకు నివాసస్థలము నిమ్మని వరాహస్వామిని అడిగెను. నూరు అడుగుల చోటు లభించెను. అందుకు ప్రతిగా తొలి దర్శనమును, తొలి పూజను, తొలి నైవేద్యమును వరాహస్వామికే చెందునట్లు మాట ఇచ్చెను. ఆ మాట ననుసరించియే భక్తులు స్వామిపుష్కరిణిలో స్నానమాడి, ముందుగా ఆ తీరమునగల వరాహస్వామిని సేవించి, పిమ్మట ఆనందనిలయమున ప్రవేశించుట సంప్రదాయమైనది. పెండ్లికి కుబేరునివద్ద తెచ్చిన అప్పునకు నేటికిని వడ్డి కట్టుచున్నాడని భక్తులు స్వామిని ప్రేమతో తలచుకొందురు.

ఈ కథయందు పరదేశి గృహధర్మము మూడు మాటలలో ఇమిడి యున్నది. స్వామి అడిగెను, మితముగా తీసికొనెను, మొదటి భాగము నిచ్చెను.

అడుగుట యనగా అనుమతి. మరి రెండేండ్లు ఉండి మరియొక అంతస్తు వేయుటకు ముందు ఆ గృహస్థుడు అడుగవలసినది బ్యాంకును కాదు, మేస్త్రిని కాదు. కావలి కాయుచున్న తల్లిని, పొలము మోయుచున్న భార్యను అడుగవలెను. మితమనగా ఇంటి కొలతను ప్రక్కింటి ఎత్తునుబట్టి గాక తన అవసరమునుబట్టి నిర్ణయించుకొనుట. కొలత ఎంత తగ్గునో తిరిగివచ్చు దినము అంత దగ్గరగును. మొదటి భాగమనగా, తాను లేనప్పుడు ఆ చోటును నిలిపిన వారి ఋణము మొదట తీర్చుట. పొలమును కౌలుకు చేయు రైతు సంగతి చూడుడు. 2018లో తెలంగాణములో ప్రారంభమైన రైతుబంధు సహాయము పట్టాదారుని పేరనే చేరెను కాని కౌలుదారునకు చేరలేదు. కాగితము పట్టాదారునిది, చెమట కౌలుదారునిది. చట్టము అడుగకపోయినను, దూరముననున్న యజమాని ఆ ధనములో సేద్యము చేసినవాని భాగమును ముందుగా తీసి ఇచ్చినచో, అదియే అతడు పెట్టు వరాహనైవేద్యము.

ఋణము ఒక వైపుననే యుండదు. ఎడారిలో చెమటోడ్చినవాని ధనముతో ఊరిలో అంగళ్లు నడచినవి, గుడులు లేచినవి, పెండ్లిండ్లు జరిగినవి. అతడు తిరిగివచ్చిన నాడు ఊరు అతనిని కానుకలు తెచ్చు అతిథిగా గాక తనవానిగా చేర్చుకొనవలెను. ఒట్టి చేతులతో వచ్చుటకు సిగ్గుపడి తిరిగి విమానమెక్కు వాని పాపములో అతనిని సిగ్గుపరచిన వారికిని భాగము కలదు. ఇక విలాసమునకై ఇండ్లు కొను సంపన్నునకు ఈ ధర్మము ద్విగుణము. తాళము పడిన ఇంటికంటె, ఊరివారికి బాడుగకిచ్చిన ఇల్లు మేలు. ఉపయోగపడని హక్కుకంటె ఒకరికి నీడయైన హక్కు మేలు.

శ్రీవైష్ణవ సిద్ధాంతమున జీవుడు శేషుడు, నారాయణుడు శేషి. తానే తనవాడు కానప్పుడు ఇల్లు తనదెట్లగును? ఈ మాట ఇంటిని తృణీకరింపుమని చెప్పదు. ఒకరి సొత్తును కాపాడువాడు ఎట్లు శ్రద్ధతో కాపాడునో అట్లు కాపాడుమని చెప్పును. లోకనాథుడే నూరడుగుల చోటునకు మాట ఇచ్చి నేటివరకు నిలుపుకొనుచుండగా, ఆయన దాసులు తాము వసింపని ఇంటికి బాకీపడిన దానిని మరువరాదు. దూరదేశముననున్న గృహస్థులెల్లరు తమవారు జీవించియుండగనే, తమకు ఓపిక యుండగనే ఇల్లు చేరి, తమ చేతులతో సంధ్యాదీపము వెలిగించు భాగ్యమును శ్రీనివాసుడు అనుగ్రహించుగాక!