డిశ్చార్జి బుక్కులో లేని పూర్వీ స్టార్

చేసిన పనికి ఫలం ఆశించకూడదని నమ్మే మనిషి, ఆ పని తను చేశానని కాగితం మీద రాయమని అడగవచ్చా? యానాంలో మా వీధి చివర ఉండే మాజీ సైనికుడొకాయన విషయంలో ఈ ప్రశ్న లేచింది. లేవదీసింది ఆయన కొడుకే. "నాన్నా, ఇన్నేళ్ళుగా రోజూ గీత చదువుతున్నావు. ఈ వయసులో పతకం కోసం అర్జీలేంటి? పైసా రాదు, పింఛను పెరగదు. నువ్వు చేసింది మన గుళ్ళో మీసాల వెంకన్న చూడలేదా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. తండ్రి మోకాళ్ళు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కడం చూడలేక అన్నాడు. పెద్దాయన బదులివ్వకుండా నా వైపు చూశాడు. ఆ చూపుకి జవాబు ఆ పూట నా దగ్గర లేదు. తర్వాత చాలా ఆలోచించాను.

నేను సైన్యంలో క్లర్కుగా చేరి సుబేదారుగా బయటికొచ్చాను. ఊళ్ళో మాజీ సైనికులకీ, వాళ్ళ భార్యలకీ కాగితాలు రాసిపెడుతుంటాను. 30 చదరపు కిలోమీటర్ల యానాంకి పాలనా కేంద్రం పుదుచ్చేరి, ఇక్కడికి 800 కిలోమీటర్ల పైన దూరం. పక్కనే ఉన్న కాకినాడ వేరే రాష్ట్రం. కాబట్టి మా ఊళ్ళో ఒక కాగితం దిద్దించుకోవడానికి ఓపిక కావాలి.

పెద్దాయన 1944లో కనకాలపేటలో పుట్టాడు. అప్పటికిది ఫ్రెంచి యానాం. ఆయన పుట్టుక ఫ్రెంచివాళ్ళ రిజిస్టరులో, వాళ్ళ అక్షరక్రమంలో ఎక్కింది. 1954లో పాలన చేతులు మారింది. 1962 ఆగస్టు 16న చట్టప్రకారం భారత్‌లో విలీనమైంది. ఆ తర్వాత ఆరు నెలల్లోపు రాతపూర్వకంగా కోరుకుంటే ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలుండేది. వీళ్ళింట్లో ఎవరూ కోరుకోలేదు. 1966లో ఈయన భారత సైన్యంలో చేరి ఒక ఇంజనీరు దళంలో పడ్డాడు. 1971 డిసెంబరులో తూర్పు రంగానికి వెళ్ళాడు. ఇప్పటి బంగ్లాదేశ్ అది, అంతా నదులు, పాయలు. సైన్యం ముందుకు కదలాలంటే ఎవరో ఒకరు నీళ్ళలో దిగి వంతెన వెయ్యాలి. "గౌతమిలో ఈదినోణ్ణి కదండీ, ఆయ్, ముందు నన్నే దింపేవోరు" అంటాడు. అంతకు మించి ఆ యుద్ధం గురించి చెప్పడు. డిసెంబరు 16న ఢాకాలో సంతకాలై దాదాపు 93,000 మంది పాకిస్తానీలు లొంగిపోయేనాటికి ఈయన చలిజ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కణ్ణించి మరో దళానికి బదిలీ అయింది.

ఆ బదిలీలోనే జరిగింది పొరపాటు. సిపాయి జీవితంలో ఏది జరిగినా, సెలవైనా పెళ్ళైనా పతకమైనా, యూనిట్ ఆఫీసులో పార్ట్ టూ ఆర్డరు పడాలి. దాన్ని బట్టి రికార్డ్ ఆఫీసులో షీట్ రోల్ నిండుతుంది. దాన్ని బట్టి, రిటైరయ్యే రోజున చేతికిచ్చే డిశ్చార్జి బుక్కు తయారవుతుంది. తూర్పు రంగంలో పనిచేసినవాళ్ళకి పూర్వీ స్టార్ వచ్చింది. పాత దళం ఈయన పేరు జాబితాలో పెట్టింది, కానీ అప్పటికి మనిషి కొత్త దళంలో ఉన్నాడు. ఆ ఆర్డరు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. డిశ్చార్జి బుక్కులో సంగ్రామ్ మెడల్ ఉంది, పూర్వీ స్టార్ లేదు. సాహస పురస్కారాలకైతే నెలనెలా భత్యం ఉంటుంది. యుద్ధంలో పాల్గొన్నందుకిచ్చే ఇలాంటి పతకాలకి ఏమీ ఉండదు. కాబట్టి కొడుకన్నది నిజమే, దీనితో పైసా రాదు.

గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం తెలియని ఇల్లు మన దగ్గర అరుదు. పని మీదే నీ అధికారం, ఫలం మీద కాదు. కొడుకు పట్టుకున్నది దీన్నే. నేను ఈసారి మొదటి అధ్యాయం మళ్ళీ చదివాను. పారాయణం చేసేవాళ్ళు సాధారణంగా గబగబా దాటేసే అధ్యాయం అది. ఫలత్యాగం బోధించిన ఆ గ్రంథం మొదలయ్యేదే పేర్ల పట్టికతో. యుయుధానుడు, విరాటుడు, ద్రుపదుడు, ధృష్టకేతువు, చేకితానుడు, కాశీరాజు, పురుజిత్తు, కుంతిభోజుడు, శైబ్యుడు, యుధామన్యుడు, ఉత్తమౌజుడు... ఎవరు ఏ శంఖం ఊదారో, నకులుడి శంఖం పేరేమిటో, సహదేవుడి శంఖం పేరేమిటో కూడా రాశారు. చేకితానుడు ఆ యుద్ధంలో ఏం చేశాడో మనలో ఎంతమందికి తెలుసు? అయినా వేల ఏళ్ళుగా ఆయన పేరు రోజూ ఎక్కడో ఒకచోట పలుకుతూనే ఉంది. పేరు నిలవడం ధర్మానికి అడ్డమైతే వ్యాసుడు ఆ పట్టిక ఎందుకు పెడతాడు?

ఇంకో సంగతి. ఫలం వదులుకోమని కృష్ణుడు చెప్పింది అర్జునుడికి. అంటే విల్లు పట్టినవాడికి. జరిగింది జరిగినట్టు చెప్పాల్సిన సంజయుడికి ఆ మాట చెప్పలేదు. సంజయుడి ధర్మం వేరు. పోరాడినవాళ్ళు నిష్కాములు కాబట్టి వాళ్ళ పేర్లు నేను చెప్పను అని ధృతరాష్ట్రుడి ముందు ఆయన అని ఉంటే అది వేదాంతం అవుతుందా? పని ఎగ్గొట్టడం అవుతుంది. త్యాగం చేసే హక్కు చేసినవాడిది. వాడి తరఫున రాసేవాడు త్యాగం చెయ్యకూడదు. ఏళ్ళ తరబడి సిపాయిల రికార్డులు రాసినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

రాసేవాళ్ళు అవతలివాళ్ళ తరఫున త్యాగం చేసేస్తే ఏమవుతుందో లోకం చూసింది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021 ఏప్రిల్‌లో తన తప్పును తనే ఒప్పుకుంటూ ఒక నివేదిక బయటపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో 45,000 నుంచి 54,000 మందికి మిగతావాళ్ళతో సమానంగా స్మారకం దక్కలేదు. కనీసం మరో 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరే లేదు. తూర్పు ఆఫ్రికాలో చనిపోయిన స్థానికుల విషయంలోనైతే, రాతి మీద పేరు విలువ వాళ్ళకి తెలియదని అప్పటి అధికారులే తేల్చేశారు. ఆ చనిపోయినవాళ్ళని ఎవరూ అడగలేదు. పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున ఫ్రెంచివాళ్ళు 1938లో ఆవిష్కరించిన యుద్ధ స్మారకం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది. మన తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని పిలుచుకుంటున్నారంటే, ఆ పిలుపులోనూ ఒక చిన్న రికార్డు ఉంది.

సెయింట్ ఆన్స్ చర్చికి వెళ్ళే నా స్నేహితుడు ఇంకో వైపు నుంచి వచ్చాడు. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు ప్రభువు, మీ పెద్దాయన అడక్కుండా ఉంటేనే గొప్ప అన్నాడు. మొర్దెకై కథ కూడా చెప్పాడు. రాజు అహష్వేరోషు మీద ఇద్దరు ద్వారపాలకులు కుట్ర పన్నారు. మొర్దెకై ఆ సంగతి పసిగట్టి చెప్పించి రాజు ప్రాణం కాపాడాడు. బహుమతి అడగలేదు. ఒక రాత్రి రాజుకి నిద్ర పట్టక, రాజ్యపు గ్రంథం తెప్పించి చదివించుకుంటుంటే ఆ సంగతి వచ్చింది. ఇతనికి మనం ఏ ఘనతా చెయ్యలేదా అని రాజే అడిగాడు. "చూశావా, అడక్కుండానే వచ్చింది" అన్నాడు నా స్నేహితుడు.

నిజమే, మొర్దెకై అడగలేదు. కానీ ఎస్తేరు గ్రంథం రెండో అధ్యాయం చివర ఒక చిన్న మాట ఉంది. ఆ సంగతి అప్పుడే, రాజు ఎదుటే రాశారు. దేవుడు రాజుకి నిద్ర లేకుండా చెయ్యగలడు, ఒప్పుకుంటాను. రాయని పుటని చదివించేది ఎలా? నా స్నేహితుడు కొంచెంసేపు ఆగి, తనే ఎజ్రా గ్రంథంలో మరో చోటు చూపించాడు. బబులోను చెరనుంచి తిరిగొచ్చిన కొన్ని యాజక కుటుంబాలు వంశావళి పుస్తకంలో తమ పేర్లు వెతుక్కుని, దొరక్క, యాజకత్వం పోగొట్టుకున్నాయి. అది చదివాక మేమిద్దరం ఇక వాదించుకోలేదు.

ఇంతకీ నాకు అన్నిటికన్నా బలంగా తోచింది ఇంద్రద్యుమ్నుడి కథ. అరణ్యపర్వంలో మార్కండేయుడు పాండవులకి చెబుతాడు. ఇంద్రద్యుమ్నుడు ఎన్నో యజ్ఞాలు చేసి స్వర్గానికి వెళ్ళిన రాజు. కాలం గడిచి భూమ్మీద ఆయన కీర్తి మాసిపోయేసరికి స్వర్గం నుంచి కిందపడ్డాడు. మార్కండేయుడి దగ్గరికొచ్చి "నన్నెరుగుదువా" అని అడిగాడు. ఎరగనన్నాడు ఆయన. నాకన్నా పెద్దది హిమాలయంలో ఒక గుడ్లగూబ ఉంది అన్నాడు. రాజు గుర్రంగా మారి మునిని వీపున మోసుకుపోయాడు. గుడ్లగూబ ఆలోచించి, ఎరగనంది. దానికన్నా పాతదైన కొంగ కూడా ఎరగనంది. చివరికి ఆ కొంగ ఉన్న చెరువులోనే అకూపారమనే తాబేలు పైకొచ్చింది. రాజును చూడగానే దాని కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఈయన్ని ఎరగకపోవడమేంటి, ఈయన దక్షిణగా ఇచ్చిన ఆవులు తిరిగి తిరిగి తొక్కితేనే కదా ఈ చెరువు ఏర్పడింది అంది. వెంటనే స్వర్గం నుంచి రథం దిగింది.

స్వర్గం తప్పిపోయిన రాజు గుర్రమై, మునిని మోస్తూ, పక్షుల్ని అడుక్కుంటూ తిరిగాడు. కథలో ఎవ్వరూ, మార్కండేయుడంతటి వాడు కూడా, నీకింత పేరాశ ఏమిటయ్యా అనలేదు. అందరూ వెంట నడిచారు. రాజు మాటొక్కటే చాల్లేదు కూడా. సాక్షి కావాల్సి వచ్చింది, సాక్ష్యంగా చెరువు కావాల్సి వచ్చింది. రికార్డ్ ఆఫీసు మమ్మల్ని అడుగుతున్నదీ అదే. ఏ ఆర్డరు, ఏ తేదీ, ఏ జాబితా? ఆ అడగడాన్ని నేను తప్పుపట్టను. ఊరికే రాసేస్తే అబద్ధం కూడా అంత సులువుగానే ఎక్కుతుంది. రథం దిగాక ఇంద్రద్యుమ్నుడు వెంటనే ఎక్కి పోలేదు. మార్కండేయుణ్ణీ గుడ్లగూబనీ వాళ్ళ వాళ్ళ చోట్ల దింపి, ఆ తర్వాతే వెళ్ళాడు. పేరు కోసం తిరిగినవాడిలో ఆ పాటి మర్యాద మిగిలి ఉందంటే, ఆ వెతుకులాటలో అహంకారం లేదని నేను నమ్ముతాను.

అర్జీకి కావలసినవన్నీ పోగుచేశాం. డిశ్చార్జి బుక్కు నకలు, ఆసుపత్రి చీటీ, పాత దళంలో ఈయనతో పనిచేసిన ఒకాయన ప్రమాణపత్రం. ఫ్రెంచి రిజిస్టరులోనూ సైన్యం కాగితాల్లోనూ పేరు రెండు రకాలుగా ఉంది కాబట్టి ఇద్దరూ ఒక్కరేనని నోటరీ చేయించిన అఫిడవిట్ కూడా. నేను చిత్తుప్రతి చదివి వినిపిస్తున్నాను. పెద్దాయన బుక్కు నా చేతిలోంచి తీసుకుని, కళ్ళద్దాలు సవరించుకుని, పతకాల వరసలో ఒకచోట వేలు పెట్టాడు.

"ఇది నాది కాదు బాబూ."

రక్షా మెడల్. 1965 యుద్ధ కాలానికి సైన్యంలో ఉన్నవాళ్ళకి ఇచ్చినది. ఈయన చేరిందే 1966లో. ఎవరిదో ఆర్డరు ఈయన పుటలో పడింది. నేను అన్నేళ్ళు ఈ పనిచేసి కూడా, లేనిదాని కోసమే చూస్తున్నాను గనక, ఉన్నదాన్ని పట్టించుకోలేదు. కొడుకు వెంటనే అన్నాడు, "ఇది ఇప్పుడు కెలికితే అసలు అర్జీ ఆగిపోతుంది నాన్నా, ఉండనీ." ఆ భయం సమంజసమైనదే. ఒక్క సవరణకే నెలలు పట్టే చోట రెండు సవరణలు అడిగితే మొత్తం దస్త్రం పక్కకి పోవచ్చు. ఆ మాటే నేనూ పెద్దాయనకి చెప్పాను.

ఆయన అర్జీ మళ్ళీ రాయమన్నాడు. రక్షా మెడల్ తీసెయ్యమనే విన్నపాన్ని ఒకటో నంబరుగా, పూర్వీ స్టార్ చేర్చమనే విన్నపాన్ని రెండో నంబరుగా పెట్టించాడు. కొడుకు రెండు ప్రతుల మీదా తండ్రి వేలు పట్టుకుని సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. మర్నాడు తనే పోస్టాఫీసుకు వెళ్ళి రిజిస్టరు చేసొచ్చాడు.