షిబ్బోలెతు అడిగే యంత్రము



న్యాయాధిపతులు 12వ అధ్యాయములో యొర్దాను రేవు దాటగోరిన ఎఫ్రాయిమీయుని “షిబ్బోలెతు” అనుమన్నారు. అతనికి ఆ “షి” పలుకదు. “సిబ్బోలెతు” అన్నాడు, పట్టుబడ్డాడు. ఆ కాలమున 42,000 మంది కూలిరి.

నేడు చేతిలోని ఫోను అటువంటి రేవైనది. కృత్రిమ మేధ మన మాట విని జవాబు చెప్పుచున్నది. అయితే ఎవరి మాట?

కోవిల్‌పట్టి, విరుదునగర్ నల్లరేగడి పల్లెలలో తరతరాలుగా తెలుగువారున్నారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారి ఇంటి భాష తెలుగే. తెలుగువారి వలస కథను తమిళములో వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. ఇంట తెలుగు, బడిలో తమిళము: అక్కడి అనేకుల స్థితి ఇదే. 2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు.

అటువంటి అవ్వ ఫోనులో తెలుగును ఎంచుకుంటే జవాబు తెలుగు లిపిలో వస్తుంది, చదువలేదు. తమిళమును ఎంచుకుంటే ఆమె పలుకు దానికి అర్థము కాదు. చూపు మందగించిన వారికైతే మాట తప్ప వేరే ద్వారమే లేదు. యంత్రము తాను విన్న రికార్డుల నుండియే నేర్చుకొనును. వినని యాసను తప్పుగా వ్రాయును. మనమును ఆ యాసను విని నవ్విన వారమే కదా!

పేతురును ఆయన పలుకే పట్టి ఇచ్చినదని మత్తయి 26లో చదువుచున్నాము. పెంతెకొస్తు దినమున నిలువబడి మాటలాడినది ఆ పేతురే. ఆ దినమున వినువారు గలిలయ యాస నేర్చుకొనవలసిన పని లేకపోయెను. పలుకువారి నాలుకలే మారెను.

ప్రభుత్వము 2022లో భాషిణిని ఆరంభించినది. దాని భాషాదాన్‌లో ఎవరైనను స్వరము ఇయ్యవచ్చును. అయితే అందులోని బోలో ఇండియాలో తెరమీది వాక్యము చదివి పలుకవలెను. లిపి రాని అవ్వ అక్కడను బయటనే! మనవడు చదివి ఆమెచేత పలికించినను అది పుస్తకపు తెలుగే గాని ఆమె తెలుగు కాదు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వారు 22 భాషలలో సహజ సంభాషణలను సేకరించిన పద్ధతి మేలైనది.

కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు బంధువులుగల యౌవనస్థులు సెలవులకు వెళ్లినప్పుడు పెద్దల అనుమతితో వారిని మాటలాడించవలెనని కోరుచున్నాము. వాన, పత్తి, అగ్గిపెట్టెల పని గూర్చి అడుగుడి. “ఆడ”, “ఈడ” అంటే దిద్దవద్దు; బడిని పళ్ళిక్కూడమన్నను అట్లే ఉంచుడి. సాక్ష్యములు, ప్రార్థన మనవులు మాత్రము రికార్డు చేయరాదు. వాటిలో రోగములు, అప్పులు, ఇంటి గుట్టు ఉండును.