అసలు భాగం - అసలు విలువ

పాత మోటారుకార్లను పునరుద్ధరించేవారి మధ్య ఒక వివాదం చాలాకాలంగా సాగుతున్నది. తయారైననాడు బిగించిన భాగాలు ఎన్ని మిగిలితే కారు అంత "అసలైనది" అని ఒక వాదం. ఆకారమూ, నడకా యథాతథంగా ఉంటే చాలు, ఇనుము ఏనాటిదైతేనేమి అని మరొక వాదం. ఇది ధనికుల వినోదానికి సంబంధించిన తగవుగా కనిపించవచ్చు. కాని దీని అడుగున ఉన్న ప్రశ్న చిన్నది కాదు. గతం నుంచి మనం కాపాడవలసినది పదార్థాన్నా, రూపాన్నా, చరిత్రనా?

1990లో ఈ ప్రశ్న లండన్ హైకోర్టుకెక్కింది. "ఓల్డ్ నంబర్ వన్" అనే బెంట్లీ కారు 1929, 1930 లె మాన్స్ పందాలు రెంటిలోనూ గెలిచింది. తరువాత దాని ఛాసిస్, ఇంజను, బాడీ అన్నీ మారిపోయాయి. ఇది అసలు కారు కాదంటూ కొనుగోలుదారులు బేరం నుంచి తప్పుకున్నారు. 1930 నాటి కారులో గేరుపెట్టె తొడుగు వంటి కొద్ది భాగాలు మాత్రమే మిగిలాయని విచారణలో తేలింది. అయినా న్యాయమూర్తి ఆటన్ తీర్పు అమ్మినవారి పక్షానే వచ్చింది. ఆ కారు ఏనాడూ అంతరించి తిరిగి పుట్టలేదు. మార్పులన్నీ ఒకే జీవితంలో జరిగినవి.

ఈ తీర్పు సబబే అని నా అభిప్రాయం. అయితే అసలు భాగానికి విలువే లేదా? ఉన్నది. కాని ఆ విలువను మార్కెట్టు ఒకచోట చూపుతుంది, అది మరొకచోట ఉంటుంది. ఇంజను మీది నంబరు ఛాసిస్ రికార్డుతో సరిపోతే ధర పెరుగుతుంది. అందుచేతనే పాత నంబరును అరగదీసి కొత్త నంబరు కొట్టేవారు పుట్టుకొస్తారు. సరుకును పూజించే చోట నకిలీ పుట్టక మానదు గదా!

అసలు భాగం నిజానికి ఒక సాక్ష్యం. చేతితో సాగగొట్టిన రేకు లోపలివైపు సుత్తి దెబ్బలు, ఆకురాయి గీతలు, రంగు పొరలు - ఇవి పేరు తెలియని కార్మికుని చేతిరాత. మెరుపు కోసం వాటిని రుద్దివేస్తే ఆ శ్రమ చరిత్రలో నుంచి చెరిగిపోతుంది. అట్లాగని పగిలిన బ్రేకు గొట్టాన్ని సాక్ష్యం పేరిట ఉంచి రోడ్డు మీద మనుషుల ప్రాణాలు పణంగా పెట్టమని ఎవరూ అనలేరు. దానిని మార్చవలసిందే. మార్చామని చెప్పవలసిందే. పాత వాహనాల ప్రపంచ సమాఖ్య "ఫివా" 2012లో ఆమోదించిన ట్యురిన్ చార్టర్ కూడా కొత్తగా చేసిన భాగాల మీద గుర్తు ఉండాలంటుంది.

ఈ ధర్మం మన సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన, అది నన్నయ రచనే అన్నట్లుగా, రాజరాజుకే అంకితంగా పూరించాడు. కాని పూరించినది ఎవరో పర్వాంతంలో చెప్పాడు. అతికిన చోటు దాచలేదు గనుకనే అది మోసం కాలేదు. ఇద్దరి కృషీ మనకు దక్కింది.

కనుక మార్చడం దోషం కాదు, మార్పును దాచడం దోషం. తయారుచేసినవాని శ్రమను గౌరవించి, బాగుచేసినవాని శ్రమను చెరిపివేసే అసలుతనం సగం సత్యమే. కారును నిలబెట్టిన చేతులన్నింటికీ దాని చరిత్రలో చోటుండాలి.