ఐదో కారణం

డయాలసిస్‌కి ఒక విడత నాలుగు గంటలు పడుతుంది. మంచం మీద పడుకుని చూసే తెలుగు సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది. మిగిలిన గంటన్నర ఏం చెయ్యాలి? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దేవుడి మీద కొన్ని మంచి చర్చలు ఆ గంటన్నరలోనే జరుగుతాయి.

ఇద్దరు స్నేహితుల్ని ఊహించుకుందాం. పలాస ఎరిగినవాళ్లకి అదేమంత కష్టం కాదు. ఒకాయనది వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి తోట. వారానికి మూడుసార్లు పలాస వచ్చి, ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చించుకుని పడుకుంటాడు. రెండో ఆయన కాశీబుగ్గలో జీడిపిక్కల వ్యాపారి. ఎనభై కిలోల బస్తా లెక్కన పిక్కలు కొని ఫ్యాక్టరీలకి వేస్తాడు. ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటారు, చుట్టరికమేమీ లేదు. బేరం లేని రోజు వ్యాపారి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటాడు. ఏ సినిమా చూడాలో ఆయన చెబుతాడు. చూశాక తప్పులు పట్టేది మాత్రం రైతు.

పాకిస్తాన్ జైల్లో చిక్కిన మత్స్యకారుడి కోసం అతని ప్రియురాలు ఆఫీసుల చుట్టూ తిరిగే కథ ‘తండేల్’. అది చూసిన రోజు వాదన యాస దగ్గర మొదలైంది. 2025 ఫిబ్రవరి 7న విడుదలైన ఈ సినిమా కోసం నాగచైతన్య శ్రీకాకుళం మాట నేర్చుకున్నాడని ఊరందరికీ తెలుసు. అందుకే ఇక్కడివాళ్లు కథకన్నా ముందు నోటికి మార్కులు వేశారు. రైతు పాస్ మార్కులు వేసి అసలు సంగతికి వచ్చాడు.

“ఆడు బతికి తిరిగొచ్చీసినాడంటే దేవుడి దయ గాక మరేటి?” అన్నాడు వ్యాపారి.

“మరి దొరికిపోయినప్పుడు ఆ దేవుడు ఎక్కడికెల్లిపోనాడు? ఆ పిల్ల కాయితాలట్టుకుని ఆఫీసులన్నీ తిరగబట్టి వచ్చినాడు.”

సినిమాకి ఆధారమైన సంగతి కల్పన కాదు. శ్రీకాకుళం తీరంలోని కె. మత్స్యలేశం, చుట్టుపక్కల ఊళ్ల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ నుంచి బోట్లెక్కి వేటకెళ్లి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపారు. ఆ లోపల పుల్వామా దాడి జరిగింది, 370 అధికరణ రద్దయింది, రెండు దేశాల మధ్య మాటలు ఆగిపోయాయి. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. ఇందులో దేవుడి వాటా ఎంత, దరఖాస్తుల వాటా ఎంత?

ఈ లెక్క కొత్తది కాదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కావాలంటుంది. పనికి ఆధారమైన శరీరం, చేసే కర్త, రకరకాల పనిముట్లు, వాటితో చేసే చేష్టలు. ఈ నాలుగూ అయ్యాక ఐదోదిగా దైవం. ఆ ఐదోది ఏమిటన్న దాని మీద ఆచార్యులే ఏకాభిప్రాయానికి రాలేదు. కంటికి సూర్యుడిలా ఇంద్రియాలను నడిపించే దేవతలని శంకరులు, లోపల ఉండి నడిపించే పరమాత్మేనని రామానుజులు. అర్థం ఏదైనా వరస మాత్రం మారదు. బోటు, దాన్ని నడిపించే నాయకుడు తండేలు, ఇంజనూ వలా, వేట, ఆ తర్వాతే గాలి. సముద్రంలో సరిహద్దుకి కంచె ఉండదు కనక ఆ ఐదోదాని బలం అక్కడ కాస్త ఎక్కువేనన్నది నిజం.

మన సినిమాకి ఈ వరస నచ్చదు. ఐదోదాన్ని తెచ్చి మొదట కూర్చోబెడుతుంది. ‘తండేల్’లో శ్రీముఖలింగం శివుణ్ణి తలుచుకుంటూ తీసిన పాట ఉంది. తెర నిండా జనం, దీపాలు, నాట్యం, చూడ్డానికి కన్నులపండువ. ఆ అమ్మాయి ఈసారి వెళ్లొద్దంటుంది, అతను వెళ్తాడు, మాట తప్పినందుకు ప్రకృతి పగబట్టినట్టే కథ తిరుగుతుంది. కానీ అతను అంత దూరం ఎందుకు వెళ్లాలి? జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉండి, పెద్ద బోటు ఆపుకోవడానికి సరైన హార్బరు లేక తరాల తరబడి ఇక్కడివాళ్లు వెరావల్‌కీ పారాదీప్‌కీ చెన్నైకీ వలస పోతున్నారు. సినిమా ఈ ముక్కని చెప్పీ చెప్పనట్టు దాటేసింది. ప్రేమకథలో జెట్టీ గురించి ఎంతసేపు మాట్లాడతారులే అని సరిపెట్టుకోవచ్చు. అయినా ఆ జెట్టీ లేకపోవడమే ఆ కథలో మొదటి కారణం.

“మరయితే ఆ పిల్ల మొక్కులన్నీ ఒట్టివేనంటావేటి?” అని వ్యాపారి నొచ్చుకున్నాడు. రైతు అలా అనలేదు. మొక్కు లేకపోతే ఆమెకి అన్నాళ్లు తిరిగే ఓపిక ఎక్కడిదని ఎదురడిగాడు. నిజానికి ఇది వ్యాపారి వాదనకన్నా బలమైన ఆస్తికవాదం. ఆ సంగతి ఇద్దరూ గమనించలేదు.

తర్వాతి వారం ‘పలాస 1978’. కరుణ కుమార్ తీసిన ఈ సినిమా 2020 మార్చి 6న థియేటర్లకొచ్చింది. మత్స్యకారులు ఇంటికి చేరిన రెండు నెలలకి. పట్టుమని రెండు వారాలు ఆడకముందే కరోనా థియేటర్లను మూయించింది. ఐదో కారణం సినిమావాళ్లని కూడా వదలదు. జానపద కళాకారుడి ఇంట పుట్టిన దళిత అన్నదమ్ములు మోహనరావు, రంగారావు ఊరి షావుకార్ల చేతిలో ఆయుధాలై, ఆ పైన వాళ్లకే ఎదురుతిరిగే కథ. తెలిసిన వీధుల పేర్లు వినపడేసరికి వ్యాపారి సినిమా సగం వదిలేసి, ఆ సంఘటన ఎక్కడ జరిగిందో, ఈ పాత్ర ఎవరిదో గుర్తుపట్టే పనిలో పడ్డాడు.

రైతుని పట్టింది వేరే ప్రశ్న. ఆ అన్నదమ్ములు ఏం చేసినా, చెయ్యకపోయినా వాళ్ల చోటు ముందే రాసిపెట్టి ఉంది. ఎవరు రాశారు? పూర్వజన్మ కర్మ అనేది చాలాకాలం ఈ దేశంలో నడిచిన జవాబు. ఆ జవాబులో ఒక లెక్క తప్పుంది. కర్మ మనిషి మనిషికీ వేరుగా ఉండాలి. కులం వీధి మొత్తాన్ని ఒకే గాటన కట్టేస్తుంది. వీధి వీధంతా పోయిన జన్మలో కూడబలుక్కుని ఒకే పాపం చేసిందా?

ఈ ప్రశ్నకి పలాస పక్కనే ఉన్న బొడ్డపాడులో ఒకప్పుడు గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి తన జవాబు తాను చెప్పాడు. అమ్మవారి కథలు పాడుకునే జముకుల కథను తీసుకుని అందులో రైతుకూలీల కథ నింపి ఊరూరా వినిపించాడు. శ్రీకాకుళ రైతాంగ సాయుధ పోరాటంలోకి వెళ్లి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆయన దారిని మెచ్చనివాళ్లు ఉన్నారు, ఉంటారు. అయినా గర్భగుడిలో హారతి పట్టిన చేతులు జముకు అందుకోవడం చిన్న సంగతి కాదు. ‘పలాస 1978’ చూస్తూ ఆ పేరు తలుచుకోనివాళ్లు ఈ ప్రాంతంలో తక్కువ.

వీధి లెక్క దగ్గర రైతు ఆగిపోయాడు. తన చేతికేసి చూసుకున్నాడు.

“బావా, మాయూర్లో ఇంటికొకడున్నాడు ఈ జబ్బుతోటి. అందరం ఒకే పాపం సేసీసినామేటి?”

ఉద్దానం కిడ్నీ జబ్బు కథ అందరికీ తెలిసిందే. ఉద్యానవనం అన్న మాట వాడుకలో ఉద్దానమైందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరీ జీడీ పనసా పచ్చగా ఉంటాయి, మనుషులు వాడిపోతారు. షుగరు లేదు, బీపీ లేదు, కిడ్నీలు పోతాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచెయ్యడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశమన్నారు. ఇదీ అని ఇంకా తేలలేదు. శ్రీలంక వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా అందరూ ఒప్పుకునే ఒక్క కారణం దొరకలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్లొచ్చాయి.

మొదటి నాలుగు కారణాలూ తెలియనిచోట ఐదోది వచ్చి ఇల్లంతా ఆక్రమించుకుంటుంది. రాత, కర్మ, అమ్మవారి కోపం. రైతు అభ్యంతరం దేవుడి మీద కాదు, ఈ ఆక్రమణ మీద. మండలాల హద్దులు చూసుకుని శిక్షించే దేవుణ్ణి ఆయన నమ్మలేడు. నీటికి, మట్టికి ఊళ్ల లెక్క తెలుసు. పాపపుణ్యాలకి మనిషి లెక్క తప్ప ఊరి లెక్క ఉండకూడదు.

ఇదే తగువు ఈ దేశంలో ఇద్దరు మహామహుల మధ్య జరిగింది. 1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇదని గాంధీ అన్నారు. అంటరానితనాన్ని అంతగానూ అసహ్యించుకున్న ఠాగూరు ఒక ప్రకటన రాసి ఆ మాటకి అడ్డుపడ్డారు. భూమి కదలడానికి భూమిలోనే కారణాలుంటాయి, నీతితో దాన్ని ముడిపెడితే మూఢత్వానికి బలమిచ్చినట్టేనని ఆయన వాదన. గాంధీ ఆ ప్రకటనను తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చువేసి, తన నమ్మకం మారదని జవాబు రాశారు. చనిపోయినవాళ్లలో అంటరానివాళ్లూ ఉండి ఉంటారు కదా అన్న చిక్కు మాత్రం ఆ జవాబుతో తీరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కనే తీరం దాటి కొబ్బరి చెట్లను కూల్చినప్పుడు గుడి మాన్యం చెట్లూ కూలాయి, పాపాత్ముల చెట్లూ కూలాయి.

ఇంతవరకూ చూస్తే రైతుదే పైచేయి అనిపిస్తుంది. ‘కేరాఫ్ కంచరపాలెం’ చూసిన రోజు తిరగబడింది. తిత్లీకి నెల ముందు, 2018 సెప్టెంబరు 7న వచ్చిన సినిమా. వెంకటేష్ మహా దర్శకుడు, విశాఖ కంచరపాలెం నేపథ్యం, నటుల్లో చాలామంది ఆ పేటవాళ్లే. పాతదే కాబట్టి గుట్టు విప్పినా పాపం లేదు. వినాయకుడి బొమ్మలు చేసేవాడి ఇంట్లో సుందరం అనే పిల్లాడు తనకిష్టమైన పిల్ల దూరమైతే కోపంతో విగ్రహాన్ని పగలగొడతాడు. జోసెఫ్ అనే కుర్రాడి ప్రేమకి పెళ్లిదాకా వెళ్లే రాత లేకపోతుంది. గడ్డం అనే మద్యం దుకాణం మనిషి సలీమాను ఇష్టపడితే ఆమె హత్యకి గురవుతుంది. చివరికి తెలుస్తుంది, వీళ్లంతా పెళ్లికాని అటెండరు రాజు గడిపిన వయసులేనని.

“ఈడేం తక్కువ సేసినాడు సెప్పు?” అన్నాడు వ్యాపారి. మనిషి ఉన్నాడు, మనసు ఉంది, ప్రయత్నం ఉంది. మూడుసార్లూ దక్కలేదు. నీ నాలుగు కారణాలూ సరిగ్గా పడ్డాయి కదా, మరి ఎందుకు కాలేదు?

రైతు దగ్గర వెంటనే మాట లేదు. తండ్రి అడ్డు, మతం అడ్డు, హంతకుడి కత్తి అని ఒక్కోదాన్నీ మనుషుల ఖాతాలో రాయొచ్చు. కానీ ఆ దెబ్బలన్నీ ఒక్కడికే ఎందుకన్న ప్రశ్న ఏ ఖాతాలోనూ పడదు. మహాభారతం అనుశాసన పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి దాదాపు ఇదే అడుగుతాడు. దైవం గొప్పా, పురుష ప్రయత్నం గొప్పా? భీష్ముడు రైతుకి అర్థమయ్యే పోలిక చెబుతాడు. ప్రయత్నం పొలం, దైవం విత్తనం, ఒకటి లేక ఇంకోటి పండదు. వినడానికి బాగుంది. పొలం దున్ని, నీరు పెట్టి, విత్తు వేశాక కూడా మొలవని గింజకి భీష్ముడి పోలికలో చోటు లేదు. ఉద్దానం రైతుకి అలాంటి గింజలు తెలుసు. కంచరపాలెం రాజుకీ తెలుసు. రాజు అందుకని చెడ్డవాడైపోలేదు, అదే ఆ సినిమాలో అన్నిటికన్నా నచ్చే విషయం. దేవుడు తన వాటా ఎగ్గొట్టాడని లెక్క చూపించి అతను తన వాటా ఎగ్గొట్టలేదు.

ఇద్దరూ వాదించుకోని సంగతి ఒకటుంది. 2025 నవంబరు 1, శనివారం, కార్తీక ఏకాదశి. కాశీబుగ్గలో కొత్తగా కట్టిన వెంకన్న గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. వ్యాపారి ఉండే ఊరు. దేవుడి దగ్గరికి వెళ్లినవాళ్లని దేవుడే ఎందుకు కాపాడలేదన్న మాట ఆయన నోట రాలేదు, రైతూ గుచ్చలేదు. చాలా రోజుల తర్వాత వ్యాపారి ఒక్క ముక్క అన్నాడు: “ఎల్లడానికీ రాడానికీ ఒకటే దారి, బావా.” ఏడాది పొడవునా ఐదో కారణం తరఫున వాదించిన మనిషి మెట్లూ రెయిలింగులూ గుంపూ లెక్కబెట్టడం అదే మొదటిసారి.

ఆ కార్తీకంలోనే ఒక సోమవారం ఆయన టెక్కలి దగ్గర రావివలస వెళ్లొచ్చాడు. అక్కడ ఎండల మల్లికార్జునుడికి పైకప్పు ఉండదు. ఎండలోనే, వానలోనే నిలబడి ఉంటాడు. మర్నాడు పొట్లం విప్పి ప్రసాదం చేతిలో పెడితే రైతు కొబ్బరి ముక్కను కళ్లకద్దుకున్నాడు. వజ్రపుకొత్తూరు తోటలో పుట్టి పెరిగిన మనిషి. కొబ్బరిలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు కొబ్బరి నీళ్లు ముట్టకూడదని డాక్టర్లు గట్టిగా చెబుతారు.

“నువ్ తినీ బావా, నా పేర్న,” అని ముక్క తిరిగిచ్చేశాడు. మిషను కుయ్‌కుయ్‌మంది, నర్సు వచ్చి గొట్టం సరిచేసి వెళ్లింది. ఇంకా మూడు గంటల పది నిమిషాలుంది. వ్యాపారి నములుతూనే ఫోను తీసి, ఈసారి ఏడుపు లేని సినిమా ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాడు.