ఋషిఋణం – చీనా కాగితం: ఒక నైతిక ప్రశ్న

ఒక జాతి కనిపెట్టిన విద్యను మరొక జాతి వాడుకొని, వాడుకొన్న సంగతే మరచిపోతే ఆ ఋణం ఉన్నట్టా, తీరినట్టా? ప్రాచీన చీనా సాంకేతికతపై చర్చలు చాలావరకు ఈ ప్రశ్న దాకా రావు. ‘ఎవరు ముందు’ అన్న పోటీ దగ్గరే ఆగిపోతాయి. ముద్రణ, తుపాకిమందు, దిక్సూచి లోకం రూపు మార్చాయన్న ఫ్రాన్సిస్ బేకన్ 1620 నాటికి వాటి పుట్టుక అస్పష్టమనే భావించాడు. 1954 నుంచి వెలువడిన జోసెఫ్ నీధామ్ సంపుటాలు వాటి చీనా మూలాలను సాధారంగా చూపాయి. అయినా పోటీ ఆగలేదు. పుష్పక విమానాన్ని ముందుకు తెచ్చే వాదం దానికి దేశవాళీ రూపం మాత్రమే.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి నెల్లూరు సీమ తగిన క్షేత్రం. మనుబోలుకు ఆగ్నేయంగా, పూర్వపు నెల్లూరు జిల్లా కోట మండలంలోని కొత్తపట్నం తీరాన జరిగిన తవ్వకాలలో మధ్యయుగపు చీనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. ఉత్తరాన మోటుపల్లిలో గణపతిదేవుని అభయశాసనం (1244–45) సుంకం విధించిన సరుకులలో చీని కర్పూరం ఉంది. ఇంచుమించు అదే కాలంలో మనుమసిద్ధి ఆస్థానంలో తిక్కన ఉన్నాడు. సముద్రం మీదుగా చీనా సరుకు వస్తున్న ఆ సీమలో భారతం మాత్రం తాటాకుపైనే సాగింది. చీనాలో కాగితం అప్పటికి వెయ్యేళ్ల పాతది.

దీనిని వెనుకబాటుగా చదవడం తొందరపాటు. తాటిచెట్టు విరివిగా ఉన్న తీరంలో ఆకు, గంటం, మసి సరిపోయే సాధనాలే. అయితే ఆకు చిరకాలం నిలవదు. తరతరానికీ ఎవరో తిరిగి రాయాలి. తిక్కన కృతి నేటికి అందడం పేరు తెలియని లేఖకుల గొలుసు వల్లనే. ఆ గొలుసు చివర, 19వ శతాబ్దంలో, సి.పి. బ్రౌన్ రాయించిన కాగితపు ప్రతులున్నాయి. ఆపై అచ్చు పుస్తకాలు.

భాష ఈ అప్పులను ఒకే తీరున గుర్తుంచుకోలేదు. చీనాంబరం, చీని కర్పూరం అన్న మాటలు పుట్టిల్లు చెబుతాయి. కాగితం అన్న మాట పారసీకం గుండా వచ్చింది. చీనా ఊసు అందులో వినబడదు. సరుకు ఊరిపేరుతో వస్తుంది, విద్య మధ్యవర్తి పేరుతో వస్తుంది.

మరి ఋణం ఎవరికి? చీనా చరిత్ర 105వ సంవత్సరంలో చెట్టుబెరడు, జనపనార, చింకిపాతలు, పాతవలలతో కాగితం చేసిన ఘనతను సాయ్ లున్‌కు కట్టబెట్టింది. అంతకు ముందటి కాగితపు ముక్కలూ తవ్వకాలలో దొరికాయి కనుక ఏకైక దాత లేడు. ఇక్కడ తైత్తిరీయ సంహిత చెప్పిన ఋణత్రయ భావన అక్కరకు వస్తుంది. ఋషిఋణం తీరేది ద్రవ్యంతో కాదు, బ్రహ్మచర్యంతో, అంటే అధ్యయనంతో. దాత పేరు తెలియకపోవడం ఆ బాధ్యతకు అడ్డు కాదు. ఋషి శబ్దాన్ని మంత్రద్రష్టలకే పరిమితం చేయాలన్న ఆక్షేపణ సంప్రదాయ దృష్టిలో న్యాయమే. కానీ ఆ మంత్రాల వ్యాఖ్యానాలు సైతం కాగితంపై చదువుతున్నప్పుడు ఆ హద్దు ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించాలి.

అసలు చిక్కు తుపాకిమందు దగ్గర వస్తుంది. చీనా భాషలో దాని పేరుకు ‘నిప్పుమందు’ అని అర్థం. తెలుగులోనూ ఔషధానికి, పేలుడుకు ‘మందు’ ఒకటే మాట. తావో రసవాదులు ఆయువు పెంచే ఔషధాన్ని వెదికారు. గంధకం, సూరేకారం కలిపి కాచి చేతులు, ఇల్లు కాల్చుకొన్నవారి గురించి వారి గ్రంథమొకటి హెచ్చరించింది. 1044 నాటి చీనా యుద్ధగ్రంథంలో అదే మందు ఆయుధమై కనిపిస్తుంది. కాగితానికి కృతజ్ఞత మూలకర్తకు చెందితే, ఫిరంగి పాపం కూడా అతనికే చెందాలని తర్కం అడుగుతుంది. ఈ సమత పైకి కనిపించేంత గట్టిది కాదు. ఋణం అందుకొన్నదానిని బట్టి ఏర్పడుతుంది, పాపం చేసినదానిని బట్టి. ఫిరంగి పేల్చినవాడు ఆ విద్యకు ఋణపడి ఉంటాడు, ఆ చావుకు కర్త కూడా అవుతాడు. రసవాది మీద మిగిలేది, కాలిన చేతుల సంగతి దాచకుండా చెప్పాడా లేదా అన్న ప్రశ్న. ఆ తావో గ్రంథం చెప్పింది.